‘ఉంటా’ అనాల్సిన చోట ‘వస్తా’ అన్నాను

ఫోను పెట్టేసేటప్పుడు లోకమంతా ‘ఉంటా’ అంటుంది. నాకు ఆ మాటకు నోరు తిరగదు. ఎక్కడుంటాను నేను? పొయ్యి మీద పాలు, గడపలో ఎవరిదో కాలిపోయిన మోటరు, ఒక చేతిలో రాగితీగ, ఇంకో చేతిలో సగం తిన్న దోసె. కుదురుగా కూర్చునే మనిషికి చెల్లుతుంది ‘ఉంటా’ అనడం. నేనంటే అబద్ధమాడినట్టే. అందుకని ‘సరే, వస్తా’ అని పెట్టేస్తాను. ఎదురెదురుగా ఉన్నప్పుడు గడప దాటుతూ అనే మాట అది. ‘పోతా’ అనకూడదు కాబట్టి ‘వస్తా’ అంటాం, అని వెళ్లిపోతాం. ఫోనులో అలా ఎవరూ అనరే అని మా ఆయన చాలాసార్లు చెప్పాడు. అనకపోతే మాననీ, అవతలివాళ్లకు అర్థమైతే చాలదా అన్నాను. మొన్న ఎండాకాలంలో మా అక్కకు అర్థం కాలేదు.

మాది రాయదుర్గంలో మోటర్ల వైండింగ్ షాపు. షాపంటే మా ఇంటి ముందుగదే. వెనక వంట, ముందు మోటర్లు. మా ఆయన జీపులో మూడుకాళ్ల స్టాండూ చైనూ వేసుకుని ఊళ్ల మీద తిరుగుతూ బోర్లలోంచి మోటర్లు పైకి లాగుతాడు. కాలిపోయినవి నా దగ్గరికొస్తాయి. మాడిన తీగ పీకేసి కొత్త తీగ చుట్టడం నా పని. పెళ్లయిన కొత్తలో ఆయన చుడుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు నేను చుట్టిందే గట్టిగా ఉంటుందని రైతులంటారు. ఆయన మాత్రం ఒప్పుకోడు.

ఎండలు ముదిరితే మాకు ఊపిరి సలపదు. బోర్లలో నీళ్లు పాతాళానికి దిగిపోతాయి. దానికి తోడు వోల్టేజి చాలక మోటరు మూలుగుతుంది, మూలిగి మూలిగి కాలిపోతుంది. ఫోను ఎత్తితే ఒకటే మాట. “అమ్మా, చెట్లు ఎండిపోతాండాయమ్మా.” చెనిక్కాయ, అదే వేరుశనగ, పోతే వచ్చే ఏడు మళ్లీ విత్తుకుంటారు. చీనీ తోట, అంటే బత్తాయి, పోతే ఏళ్ల తరబడి పెంచుకున్నది పోయినట్టే. అవతల మగమనిషి గొంతు వణుకుతుంటే ‘నాకు తీరిక లేదు’ అని ఎలా అంటాం? తిట్టుకుంటూనే చుడతాను. కాలు కాలిన పిల్లిలా వంటింటికీ షాపుకీ తిరుగుతూనే ఉంటాను. కూర్చున్నా నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. “మేయ్, ఆ కాలు ఊపొద్దు, ఇంట్లో దుడ్లు నిలవవు” అనేది అక్క.

అక్క గుమ్మఘట్ట దగ్గర పల్లెలో ఉంటుంది. బావా తనూ గొర్లు మేపుతారు. పొద్దున గొర్ల వెనక బయల్దేరగానే నాకు ఫోను చేసేది. చేసి, స్పీకరు ఆన్ చేసి, రవికెలో దోపుకుని, నడుస్తూ మాట్లాడేది. గుట్ట మీద గాలిమరల చప్పుడు, గొర్ల మెడల్లో గంటలు, మధ్యలో “హేయ్, ఆ చేలోకి దూరితే కాళ్లిరగ్గొడ్తా” అని గొర్రెకు తిట్లు, ఆ తిట్లయిపోయాక నాతో మళ్లీ వదిలిన చోటినుంచే మాట. పక్కింటి కోడలు అలిగి పుట్టింటికి పోవడం, పొట్టేలు బావను కుమ్మడం, సంతలో ఎవరో కన్నడామె తనని చూసి ‘నిమ్మూరు యావుదు’ అని కన్నడంలో ఊరి పేరు అడిగితే తాను తెలుగులో తిట్టడం. ఒక సంగతి చెప్తూ ఇంకో సంగతిలోకి పోయి, అందులోంచి మూడోదాంట్లోకి దూరేది. నేను ఫోను అలమారలో మేకుల డబ్బా మీద పెట్టి నా పని నేను చేసుకునేదాన్ని. సగం వినేదాన్ని, సగం లేదు. నిజం చెప్పాలంటే చెవిలో జోరీగలా అనిపించేది ఒక్కోసారి. కానీ ఏ రోజన్నా ఆ ఫోను రాకపోతే చేతిలో పని సాగేది కాదు.

చలికాలం పోయేటప్పటికి అక్క గొంతు బొంగురుపోయింది. జలుబన్నాం. మిరియాల కషాయం తాగమన్నాను. తాగింది, తగ్గలేదు. ఆకూ వక్కా కడ్డిపుడి పొగాకూ మానెయ్ అన్నాను. “అది మానేస్తే నేను మనిషినే కాదు” అంది. బావ గొర్లను ఎవరికో అప్పజెప్పి, తనను అనంతపురం తీసుకుపోయి చూపించాడు. మూడోసారి పోయొస్తూ బస్సులోంచే ఫోను చేసింది.

“మేయ్, నా గొంతు తీసేస్తారంట.”

నాకు అర్థం కాలేదు. గొంతు తీసెయ్యడమేమిటి అన్నాను.

“లోపల గడ్డ ఉండాదంట. అది మాట వచ్చేచోటే మొలిసిందంట. దాన్నీ దీన్నీ కలిపి తీసేస్తారంట. మెడకి బొక్క పెడ్తారంట, దాంట్లోనించే ఊపిరి. పానానికేం బయం లేదని చెప్పినాడు డాక్టరు. మాట ఒకటే పోతాదంట.”

‘మాట ఒకటే’ అంది. మా అక్కకు మాట ఒకటే ఏమిటి! దానికి ఉన్నదే మాట. నేను షాపులో ఉన్నానని మరిచిపోయి గట్టిగా ఏడ్చేశాను.

“ఏడ్సొద్దు. నీ ఏడుపు ఇనేకి చేయలేదు ఫోను” అంది. “సోమవారం రమ్మన్నారు ఆపరేషన్‌కి. అంతలోపల నాకొక దినం కావాల. పొద్దున్నించి పొద్దుగూకేదాకా. నేను మాట్లాడాల, నువ్వు ఇనాల. ఆ రాగితీగ యాడన్నా పారేసి, చేతులు ఖాళీగా పెట్టుకోని రా.”

గురువారం వస్తానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. మా ఆయనకు చెప్పాను, మొదటి బస్సుకు పోతానని. చీర కూడా తీసి పెట్టుకున్నాను.

గురువారం తెల్లవారుతూనే ఆటో ఆగింది. యాడికి అనే ఊరినుంచి వచ్చిన పెద్దాయన. అక్కడెక్కడా చేసేవాళ్లు ఖాళీగా లేరట, చుట్టం ఒకాయన మా పేరు చెబితే అంత దూరం మోటరు వేసుకొచ్చాడు. “చీనీ చెట్లమ్మా, ఆకు ముడుచుకోని ఉండాయి” అని గడప మీద కూర్చున్నాడు. లేవడు. ఈరోజు కుదరదు పెద్దాయనా అంటే తల ఊపుతాడు, లేవడు. మా ఆయన అప్పటికే జీపు తీసుకుని మడకశిర వైపు పోయాడు. నేను చీర వైపు చూశాను, మోటరు వైపు చూశాను, ఆయన వైపు చూశాను. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద కోపమో తెలియలేదు. మాడిన పాత తీగ పీకడానికే ఒక రోజు పడుతుంది, పీకడం మొదలుపెట్టాను.

అంతలో అక్క ఫోను. “బయల్దేరితివా?”

గాలి హోరులో దాని మాట నాకే సరిగా వినబడలేదు, బొంగురు గొంతు వేరే. నేను గడగడా చెప్పేశాను. ఒక పెద్దాయన వచ్చినాడు, చెట్లు పోతాండాయి, ఈపొద్దు అయ్యేట్టు లేదు, రేపు గాని ఎల్లుండి గాని చూస్తా, నువ్వేం అనుకోవద్దు. చెప్పి, అలవాటు కొద్దీ, “సరేక్కా, వస్తా” అని పెట్టేశాను.

అక్కకు ఆ గాలిలో వినబడింది చివరి మాట ఒక్కటే.

వస్తానంటోంది కదా అని గొర్లను బావకు వదిలేసి ఇంటికి పోయింది. శనగబేళ్లు ఉడకేసి ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసింది. చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి నూరింది. వాకిట్లో నీళ్లు చల్లింది. బస్టాపు దగ్గర ఎండలో నిలబడింది. ఒక బస్సు పోయింది, ఇంకోటి పోయింది, కొంగు నెత్తిన కప్పుకుని అక్కడే కూర్చుంది. నాకు ఫోన్లు చేసింది. తీగ పనిలో ఉంటే నేను ఫోను మోగనివ్వను, గుడ్డ కింద పడేస్తాను. పొద్దుగూకాక ఎవరో బండి మీద దాన్ని ఇంటి దగ్గర దింపారట. ఇదంతా నాకు మర్నాడు తెలిసింది, అది కూడా అరుపులతో.

శుక్రవారం మొదటి బస్సుకు తనే దిగింది. చేతిలో ఓళిగల డబ్బా. షాపు ముందు నిలబడి, లోపలికి రాకుండా, అంది: “బతికే ఉండావా?”

“ఏమైందక్కా?”

“ఏమైందంటావా! నిన్న నడినెత్తిన ఎండ పెట్టుకోని కుక్క మాదిరి కాసుకోనుంటి. వస్తా అని చెప్తివి గదే!”

“ఎప్పుడు చెప్తి? కుదర్దు అని చెప్తి!”

“వస్తా అంటివి. ఈ చెవులతోనే ఇంటి.”

“అది ఫోను పెట్టేకి అన్న మాట!”

“ఫోను పెట్టేకి ‘ఉంటా’ అంటారే లోకంలో! ‘వస్తా’ అంటే వస్తాననే! పోయేటోళ్లు అనే మాట, నువ్వు యాడికి పోతాంటివని అంటివి?”

గొంతు బొంగురు, అయినా వీధి మలుపు దాకా వినబడుతోంది. పక్క కొట్టువాళ్లు తొంగి చూశారు. నేనూ తగ్గలేదు. ఇన్నేళ్లుగా నా మాటతీరు తెలియదా నీకు అని నేను, తెలిసే మోసపోయినా అని తను. గడప మీద పెద్దాయన రాత్రి బస్టాండులో పడుకుని మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఆయన తల తిప్పి, “అయినా అమ్మా, ‘వస్తా’ అంటే వస్తాననే గదా అర్తం” అన్నాడు మెల్లగా.

“నువ్వు గమ్మునుండన్నా” అన్నాం ఇద్దరం ఒకేసారి.

అప్పుడు అక్క ఆయనను సరిగా చూసింది. “ఎవురీయన?”

చెప్పాను. అక్క గడప మీదే ఆయన పక్కన కూర్చుని అడిగింది, ఎన్నేండ్ల చెట్లని. ఏడేండ్లవనీ, ఈసారే బాగా కాపు పట్టిందనీ, పిందెలు రాలడం మొదలైందనీ ఆయన చెప్పాడు. చెప్తున్నప్పుడు మమ్మల్ని చూడలేదు, రోడ్డును చూస్తూ చెప్పాడు. 

అది విని అక్క లేచి చీర చెంగు నడుముకు దోపుకుంది. “చుట్టు ఈయన మోటరు. నేను ఈడనే ఉంటా. నా దినం ఇదే అనుకుంటా.”

మోటరు చుట్టడమంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. బోరు మోటరు సన్నగా పొడుగ్గా ఇనుప గొట్టంలా ఉంటుంది. దాని లోపల చుట్టూ సన్నటి కాలవల్లా గాడులుంటాయి. తీగను ఒక గాడిలోంచి అవతలికి తోసి, ఇంకో గాడిలోంచి ఇవతలికి లాగాలి. మళ్లీ తొయ్యాలి, మళ్లీ లాగాలి. ఇన్ని చుట్లని లెక్క. ఒకటి తగ్గినా ఒకటి పెరిగినా ఒక పక్కనే భారం పడి మోటరు మళ్లీ కాలుతుంది. అందుకని పని చేస్తున్నంతసేపూ లోపల లెక్క నడుస్తూ ఉండాలి. చేతులకు పనుంటే చెవులు ఖాళీగా ఉంటాయనుకుంటారు చూసేవాళ్లు. ఖాళీ చెవులుండవు ఈ పనిలో. ఇవతల ఒకరు, అవతల ఒకరు కూర్చుంటే పని తొందరగా సాగుతుంది. మా ఆయన లేనప్పుడు నేనే అటూ ఇటూ లేచి తిరుగుతాను.

అక్క అవతలి వైపు చాప మీద కూర్చుంది. ఏం చెయ్యాలో చూపించాను. వచ్చిన తీగను పట్టుకుని, బిగించి, పక్క గాడిలోంచి నాకు తొయ్యాలి. గొర్రె బొచ్చు కత్తిరించే చెయ్యి, ఇట్టే పట్టేసింది. మొదటి గాడి సగంలో ఉండగా మొదలుపెట్టింది.

“పోయినేడు మీ బావ ఒక కత చేసినాడు, నీకు చెప్పనే లేదు గదా…”

నేను తల ఊపాను. లెక్కలో ఉన్నాను. తను చెప్పుకుపోతోంది. నాకు నవ్వొచ్చే మాటేదో అంది, నవ్వాను. నవ్వాక చూసుకుంటే ఎక్కడున్నానో తెలియలేదు. ముప్పై దాటానా, లేదా? గుర్తు లేదు. మొత్తం విప్పాలి. గడప మీద పెద్దాయన చూస్తున్నాడు. నాకు తిక్క రేగింది.

“రోంతసేపు నోరు మూస్తావా!” అని అరిచాను.

అన్నాక తెలిసింది ఏమన్నానో. చేతిలో తీగ చేతిలోనే ఉండిపోయింది. పెద్దాయన లేచి బీడీ కాల్చుకునే నెపంతో రోడ్డు దాటి పోయాడు.

అక్క నన్ను చూసింది. “సోమవారం మూస్తార్లే” అంది. “అంతవరకూ ఓపిక పట్టు.”

నేను ఏడవలేదు. ఏడిస్తే తిడుతుందని తెలుసు. తీగ విప్పాను. అక్క కూడా తన వైపునుంచి విప్పుతూ, సాపు చేస్తూ అంది: “చెప్పు, ఎప్పుడు మాట్లాడొచ్చో చెప్పు. గాడి నిండినాక మాట్లాడొచ్చునా?”

“ఆఁ. ఒక గాడి అయినాక, ఇంకోటి మొదలుపెట్టేలోపల.”

“అంతే గదా. ముందే చెప్పిండొచ్చు గదే.”

ఆ రోజంతా అలాగే సాగింది. గాడి నిండేదాకా నోరు విప్పేది కాదు. పెదవులు బిగబట్టి, నా ముఖం చూస్తూ తీగ అందించేది. చివరి చుట్టు లాగి, నేను చెక్కముక్కతో తీగను లోపలికి అదిమేసరికి మొదలుపెట్టేది. రెండు మూడు వాక్యాలు. నేను కొత్త తీగ కొస అందుకోగానే ఆపేసేది, మాట మధ్యలో ఉన్నా సరే. మళ్లీ గాడి నిండగానే ఆగిన మాటనుంచే ఎత్తుకునేది. గొర్ల మధ్య నలిగిన అలవాటు కదా, మాట తెగినా దారం తెగదు దానికి.

అట్లా ముక్కలు ముక్కలుగా ఏవేవో చెప్పింది. నేను చిన్నప్పుడు గోడ సున్నం గీక్కుని తినేదాన్నని, అది చూసి తనకూ తినాలనిపించేదని. ఒకసారి పొట్టేలుకు జబ్బు చేస్తే రాత్రంతా దాంతో మాట్లాడుతూ కూర్చుంటే బావ ‘నాతో ఎప్పుడన్నా ఇంత మాట్లాడితివా’ అని అలిగాడని. ఒక గాడి అయ్యాక చాలా మామూలుగా అంది:

“పెండ్లయిన మూడో ఏడు మీ బావను ఇడిసిపెట్టి పోదామని పోయింటి. బళ్లారి దాకా పోతి.”

నేను తలెత్తాను.

“లెక్క చూసుకో” అంది, తీగ కొస నా చేతికిస్తూ.

ఆ గాడి ఎట్లా చుట్టానో నాకే తెలియదు. ఎందుకు పోయింది, ఎవరితో చెప్పింది, మాకెవరికీ తెలియకుండా ఎలా ఉంది? ఒక్కటీ అడగడానికి లేదు, లోపల అంకెలు నడుస్తున్నాయి. గాడి నిండగానే అడిగాను, మళ్లీ ఎందుకొచ్చావని.

“బళ్లారి బస్టాండులో కాఫీ తాగినా. ఎవురితోనన్నా మాట్లాడదామంటే ఆడ ఎవురూ తెలీదు. ఇంగ ఎవురితో మాట్లాడాల నేను? తిరిగొచ్చేసినా.” అని నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయింది.

మధ్యాహ్నం ఓళిగలు తిన్నాం. పెద్దాయనకూ పెట్టింది. నెయ్యి లేదని నన్ను తిట్టింది. ఎండ వాలేకొద్దీ దాని గొంతు సన్నబడింది. ముందు బొంగురు, తర్వాత గరగర, తర్వాత వట్టి గాలి. నేను వంగి వినాల్సి వచ్చింది. చివరి గాడి పెట్టేసరికి పెదవులు కదులుతున్నాయి గాని నాకు సగమే అందుతోంది. పని ఆపేద్దామా అనిపించింది. ఆపితే పెద్దాయన చెట్లు. ఆపకపోతే అక్క మాట. నా మోకాలు ఆడుతూనే ఉంది. అక్క ఆ మోకాలి మీద చెయ్యేసి అదిమింది, పని కానియ్ అన్నట్టు.

చుట్టడం అయింది. నీళ్లలో ముంచి పరీక్ష చేశాను. పెద్దాయన ఆటో తెచ్చాడు, మోటరు ఎక్కిస్తున్నారు, ఇంజను ఆపకుండా పెట్టాడు డ్రైవరు. ఆ చప్పుడులో అక్క నా భుజం పట్టుకుని ఏదో అంది. ఒక పెద్ద వాక్యమే అంది.

“ఏమంటివక్కా?”

మళ్లీ అనబోయింది. గొంతు రాలేదు. చెయ్యి విదిలించి, “ఏం లేదులే, బస్సు టైమయితాంది” అంది, లేదా అన్నట్టు నాకనిపించింది.

శని, ఆదివారాలు నాకు మనసు నిలవలేదు. ఇంకో రెండు మోటర్లు వచ్చాయి. చుడుతున్నాను, విప్పుతున్నాను, మళ్లీ చుడుతున్నాను. ఆ వాక్యమేమిటి? మా ఆయన నన్ను పక్కకు జరిపి, “నువ్వు ముట్టుకోవద్దు, తీగ దండగ” అన్నాడు. అక్కకు ఫోను చేద్దామని ఎత్తి, గొంతు నొప్పిలో మాట్లాడించడం ఎందుకని పెట్టేశాను. వంటింట్లోకి పోయి ఎందుకొచ్చానో మరిచిపోయి తిరిగొచ్చేదాన్ని. అది ఏదో పెద్ద రహస్యమేమో, ఎవరికైనా చెప్పాల్సిన సంగతేమో, పొలం గురించేమో, బావ గురించేమో. నేనే ఒక్క నిమిషం ఆ ఆటోవాణ్ణి ఇంజను ఆపమని ఉంటే! నా మీద నాకే అసహ్యమేసింది.

సోమవారం షాపు మూసేసి మొదటి బస్సుకు అనంతపురం పోయాను. రెండు రోజులు మాట్లాడకుండా ఉండేసరికి దానికి కొంచెం గొంతు తిరిగొచ్చింది. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద, ఆకుపచ్చ గౌను తొడుక్కుని, కాళ్లు ఊపుతూ కూర్చుంది. నేను పలకరించకుండానే అడిగాను.

“ఆ పొద్దు ఆటో దగ్గర ఏమంటివి?”

“అదా?” అంది. “ఇన్నేండ్లలో నువ్వు ఒక్కసారన్నా ఊరికే నాకి ఫోను జేసినావా?”

నేను నోరు తెరిచాను. “నువ్వే చేస్తాంటివి గదక్కా…”

“అదే చెప్తాండా. చేసేదంతా నేనే. నువ్వు ఎత్తేదే. నేను జేయకపోతే మనిద్దరికీ మాట్లే లేవు. ఇంగ నేనెట్ల చేస్తా? చేసి ఏం మాట్లాడతా? అదొకటే నాకి బయం. ఆపరేషన్‌కి కాదు. దీనితో మనిద్దరిదీ అయిపోతాది అని.”

అంతలో నర్సు వచ్చి పిలిచింది. బావ లేచాడు. అక్క చెప్పులు విప్పి, నా కాళ్ల దగ్గరికి తోసి, “కొత్తవి. ఈడ ఎవురన్నా ఏసుకోనిపోతారు, చూసుకో” అని లోపలికి పోయింది.

నేను విన్న దాని ఆఖరి మాట అది. సాయంత్రం దాకా ఆ చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్లకు ఇంటికొచ్చింది. మెడ కింద తెల్ల గుడ్డ కడుతుంది, దాని వెనక ఊపిరి ఆడుతుంది. ఏదో చిన్న మిషను ఆనించుకుంటే మాటలాంటిది వస్తుందట, కొన్నాళ్లు పోనీ అన్నారు. గొర్లను పిలవడానికి కట్టెతో డబ్బా కొడుతోంది. మొదట్లో బెదిరినా, గొర్లు పది రోజుల్లో నేర్చుకున్నాయని బావ చెప్పాడు. నాకు ఇంకా ఎక్కువ పట్టింది.

మొదటిసారి నేను ఫోను చేసినప్పుడు బావ ఎత్తి దాని చెవికి ఆనించాడు. అవతల ఉలుకూ పలుకూ లేదు. గాలిమరల హోరు. “తిన్నావా?” అన్నాను. జవాబెక్కడినుంచి వస్తుంది? “ఎట్లుండావు?” అన్నాను. మళ్లీ నాలుక కరుచుకున్నాను. నాకు తెలిసిన మాటలన్నీ ప్రశ్నలే. ఇన్నేళ్లూ అది చెబుతుంటే మధ్యమధ్య అడగడమే నా పని. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. చివరికి, “ఈపొద్దు ఒకాయన మోటరు తెచ్చినాడు, దాంట్లో కప్ప ఉండాది” అన్నాను. అవతల టక్ అని చప్పుడు. గోటితో ఫోను మీద కొట్టింది. మాకు చిన్నప్పుడు కథ చెప్పేవాళ్లు ఊఁ కొట్టకపోతే కథ ఆపేసేవాళ్లు. అది ఊఁ కొట్టింది.

“బతికే ఉండాదక్కా ఆ కప్ప” అన్నాను. టక్.

ఇప్పుడు రోజూ నేనే చేస్తున్నాను. గొర్లు గుట్ట ఎక్కే వేళకు. నాకు కూర్చోవడం ఇంకా చేతకాదు, ఫోను చెవికి పెట్టుకుని షాపులో తిరుగుతూ చెబుతాను. తీగ మాత్రం ముట్టుకోను. చెప్పడానికి ఏమన్నా దొరుకుతుందేమోనని వచ్చినవాళ్లందరినీ పరకాయించి చూస్తున్నాను, మా ఆయన సిగ్గుపడుతున్నాడు. గోటితో ఒకసారి కొడితే ఇంకా చెప్పు అని. రెండుసార్లు కొడితే నవ్విందని. వేళ్ల కణుపులతో గట్టిగా కొడితే తిడుతోందని, నేను ఎవరి పక్షాన మాట్లాడకూడదో వాళ్ల పక్షాన మాట్లాడానన్నమాట. కొన్నిసార్లు నేనే ఆగిపోతాను. అప్పుడు అవతలినుంచి వరసగా టకటకమంటూ ఏదో చెప్పుకుపోతుంది. ఏమిటో నాకు తెలియదు. ఆపకుండా వింటాను.

మొన్న అట్లా వింటూ నిలబడి ఉంటే ఒక రైతు మోటరు దింపి, చాలాసేపు చూశాడు. నేను మాట్లాడటం లేదు, ఫోనులో మనిషి గొంతు లేదు. ఆయనకు ఓపిక చచ్చింది.

“అమ్మా, లైను కట్టయినట్టుండాది, అవతల ఎవురూ లేరు. నా మోటరు రోంత చూడమ్మా, చెట్లు ఎండిపోతాండాయి.”

“కూర్చోన్నా, చూస్తా” అన్నాను. “మా అక్క మాట్లాడతాంది.”